వీలునామా రాస్తే చావు రాదు, రాయకపోతే పంచాయితీ వస్తది

గల్ఫ్ అన్నలారా, తమ్ముళ్లారా, పోస్టు కొంచెం పొడుగున్నది. శుక్రవారం తీరిగ్గా చదవండి. రూములో చదువురాని వాళ్లుంటే చదివి వినిపించండి.

మనలో ఒకరు ఇక్కడ పోతే ఊర్లో ఏమైతదో అందరికీ ఎరుకే. శంషాబాద్‌ల పెట్టె దిగకముందే లెక్కలు మొదలైతయి. కంపెనీ ఎంత ఇస్తది? బీమా ఎంత? ప్లాటు ఎవరి పేరు మీదున్నది? పెద్దకర్మ నాటికి కుల పెద్దలు, గ్రామాభివృద్ధి కమిటీ వాళ్లు కుర్చీలేసుకుని కూర్చుంటరు. ఎదురుగ నిలబడేది చిన్నపిల్లల తల్లి. "నీకింకా వయసున్నది, రేపు ఇంకో పెళ్లి చేసుకుంటవు, పైసలు అత్తమామల దగ్గరనే ఉండనీ" అంటరు. ఈ మాట అనేవాళ్లనే మనం పెద్దమనుషులు అని పిలుస్తున్నం.

ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు చట్టం ఏం చెబుతుందో ముందు తెలియాలి. వీలునామా లేకుండా హిందూ మగమనిషి చనిపోతే అతని సొంత సంపాదనలో మొదటి వరుస వారసులు భార్య, కొడుకులు, బిడ్డలు, తల్లి. 1956 హిందూ వారసత్వ చట్టం మాట ఇది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉంటే నాలుగు సమాన వాటాలు. మొదటి వరుసలో తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. భార్య మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆమెకు వచ్చిన వాటా ఆమెదే, వెనక్కి లాక్కునే హక్కు ఎవరికీ లేదు. ఇక పిల్లల వాటాను పంచాయితీ కాగితం మీద వదిలేసే అధికారం కన్నతల్లికి కూడా లేదు. మైనర్ పేరున ఉన్న భూమి అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. మరి ఏ అధికారంతో ఈ కమిటీలు పంపకాలు చేస్తున్నయి?

మన ముస్లిం సోదరులకు లెక్క వేరు. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, వీలునామా రాసేది ఆస్తిలో మూడో వంతు వరకే. కానీ అక్కడ కూడా ఆమె వాటా ఆమెదే, మరిదిది కాదు.

ఇప్పుడు మన సంగతి మాట్లాడుకుందాం. "అన్న చూసుకుంటడు" అనే మాట మనకు ఊతపదమైంది. ఎండలో కాలిన పైసలు నెలనెలా పంపుతం, ఊర్లో ప్లాటు అన్న పేరు మీద రిజిస్టర్ అయితది. "నేను లేను గదా, వచ్చినంక మార్చుకుంటం" అంటం. రాకముందే పోతే? పైసలు తమ్ముడివే అని ఊరంతా సాక్ష్యం చెప్పినా కాగితం మీద ఉన్న పేరే నిలుస్తది. ఇంకొకరి పేరు మీద కొన్న ఆస్తిని "అసలు నాదే" అని కోర్టుకు పోవడానికి 1988 బినామీ చట్టం అడ్డం వస్తది. 2016లో దాన్ని ఇంకా గట్టిగ చేసిండ్రు. భార్య పేరు మీద, పిల్లల పేరు మీద మన తెలిసిన సంపాదనతో కొంటే ఆ చట్టం అడ్డు కాదు. దారి తెరిచే ఉన్నది. దాన్ని వదిలి అన్న పేరు ఎందుకు రాయించాలె?

రెండోది పవర్ ఆఫ్ అటార్నీ. తమ్ముడికి ఇచ్చిన జీపీఏ మామూలుగా మనం పోయిన రోజుతోనే ముగుస్తది. ఆ తర్వాత దాని మీద అమ్మకాలు చేస్తే అది తగాదాకు విత్తనం వేసుడే.

మూడోది నామినీ. పెళ్లికి ముందు తెరిచిన బ్యాంకు ఖాతాలో నామినీగా ఎవరి పేరున్నదో మనలో ఎంతమందికి గుర్తున్నది? బ్యాంకు డబ్బు తీసుకునే నామినీ ఆ డబ్బుకు యజమాని కాడు, వారసులకు అప్పజెప్పాల్సినవాడు. బీమా పాలసీల గురించి సుప్రీంకోర్టు 1983లోనే ఇలాంటి మాట చెప్పింది. 2015లో బీమా చట్టం మార్చి తల్లిదండ్రులు, భార్య, పిల్లలు నామినీ అయితే హక్కు వాళ్లదే అన్నరు, దాని మీద కూడా కోర్టుల్లో వాదనలు నడుస్తనే ఉన్నయి. అంత దూరం ఎందుకు? రైతు బీమా 5 లక్షలు, ప్రవాసీ భారతీయ బీమా కింద ప్రమాద మరణానికి 10 లక్షలు. వీటన్నిట్లో నామినీ పేరు ఒకసారి చూసుకుని, పెళ్లయినంక మార్పించుకోవాలె. ఫోన్ల రీల్స్ చూసే టైములో అయ్యే పని.

నాలుగోది, ఇక్కడి కంపెనీ లెక్క. బాకీ జీతం, సర్వీసు డబ్బు వారసులకు చెందాలి. అది తీసుకోవడానికి ఇంటి నుంచి కాగితాలు అడుగుతరు. ఏడుపులో ఉన్న ఆడమనిషి ముందు ఒకటే కట్ట పెట్టి "శవం రావాలంటే సంతకం పెట్టు" అంటరు. శవం తెప్పించే కాగితం వేరు, పైసలు తీసుకునే అధికారం ఇచ్చే కాగితం వేరు. చదివి వినిపించకుండా సంతకం పెట్టించేవాడు ఎవడైనా, మన రూముమేటే అయినా, అడ్డుకోవాలె.

చందాలు పోగుచేసే గ్రూపులకు ఒక మాట. మనిషి పోతే పది, ఇరవై రియాళ్లు వేసే మన గుణం గొప్పది. కానీ ఆ పైసలు ఎవరి ఖాతాలోకి పోతున్నయో అడగండి. భార్య ఖాతా ఉంటే అందులోనే వేయండి. తల్లి ఒంటరిగా ఉంటే ఆమెకు విడిగా వేయండి. బావ, బాబాయి, సర్పంచి ఖాతాలు వద్దు.

"వీలునామా ముసలోళ్లు రాసేది, బతికుండగా చావు మాటెందుకు" అని కొందరు కోప్పడుతరు. అరబీలో ఉన్న కాంట్రాక్టు మీద అర్థం కాకున్నా సంతకం పెట్టినం. ప్రమాదానికి బీమా కట్టి విమానం ఎక్కినం. అప్పుడు లేని అపశకునం తెలుగులో రాసుకునే కాగితానికి ఎందుకొస్తది? "అన్నదమ్ముల మధ్య కాగితమా, నమ్మకం లేదా" అని ఇంకొకరు. నిజాయితీ ఉన్న అన్నకే ఆ కాగితం ఎక్కువ అవసరం. రేపు మరదలు గాని ఊరు గాని వేలెత్తి చూపకుండా ఆయనను కాపాడేది అదే. కాగితం వద్దనేవాడి మీదనే అనుమానం రావాలె.

పని చిన్నది. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మంచిది, సెలవు మీద ఇంటికి పోయినప్పుడు చేయించవచ్చు. మనం సంతకం పెట్టాలె, రాకుంటే వేలిముద్ర. అది చూసిన ఇద్దరు సాక్షులు మన ముందే సంతకాలు పెట్టాలె. ఆస్తి పొందేవాళ్లను సాక్షిగా పెట్టొద్దు. రేపు తగాదా వస్తే సాక్షుల్లో ఒకరైనా కోర్టుకు రావాల్సి ఉంటది, కాబట్టి మన మండలం దిక్కు వాళ్లను, వయసులో చిన్నవాళ్లను ఎంచుకోండి. చిరునామా, ఫోన్ నంబరు రాయించండి. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతది. తల్లిని మరిచిపోవద్దు. ఆమెకు ఏమిస్తున్నమో అందులోనే రాయండి.

అదే కాగితానికి జతగా అప్పుల లెక్క రాయండి. ఏజెంటుకు ఎంత, చిట్టీ ఎంత, ఎవరికి నోటు రాసిచ్చినం, ఏది తీరింది. మనిషి పోయినంక దొంగ ప్రామిసరీ నోట్లు పుట్టుకొస్తయి. అసలు అప్పు ఉన్నా వారసులు కట్టాల్సింది మన నుంచి వచ్చిన ఆస్తి మేరకే. భార్య పుట్టింటి బంగారం మీద అప్పులోడికి హక్కు లేదు. ఈ మాట ఆమెకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.

రాసిన కాగితం ఫోటో తీసి భార్యకు పంపండి, అసలు కాగితం ఎక్కడున్నదో ఇద్దరికి చెప్పండి. పెట్టె అడుగున దాచిన వీలునామా లేని వీలునామాతో సమానం.

వచ్చే శుక్రవారం రూముకు ఒకరైనా రాయండి. మిగిలినవాళ్లు సాక్షి సంతకం పెట్టండి.