హామీగా రాసిన బాకీ అమ్మకం కాదు

ధర్మవరం మాస్టర్ వీవర్ల దగ్గరా, హిందూపురం అంగళ్ళలోనూ, పెనుకొండ వైపు బిల్లుల మీద అప్పులు తెచ్చుకునే చిన్న కాంట్రాక్టర్ల దగ్గరా ఒక మాట చట్టమైనట్టే వినిపిస్తుంటుంది: "రావాల్సిన బాకీని ఫైనాన్సరు పేర రాసిచ్చాక అదంతా ఆయనదే. ఎంత వసూలైనా మనం అడగడానికి లేదు." ఈ మాట తప్పు. దీన్ని నమ్మినవాళ్ళు తమకు రావాల్సిన డబ్బునే వదిలేసుకుంటున్నారు.

ధర్మవరం నుంచి హిందూపురం దుకాణానికి 5 లక్షల రూపాయల పట్టుచీరలు ఉద్దరకు వెళ్ళాయనుకుందాం. అవి అమ్ముడయ్యేదాకా డబ్బు చేతికి రాదు. ఈలోగా రేషం కొనాలి, జరీ కొనాలి, మగ్గాల మీద ఉన్నవాళ్ళకు కూలి ఇవ్వాలి. అందుకని దుకాణం బాకీని హామీగా రాసిచ్చి 3 లక్షలు అప్పు తెస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 134వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి లావాదేవీ కోసమే ఉంది. వసూలైన సొమ్ములోంచి ముందు వసూలు ఖర్చులు పోవాలి, తర్వాత అప్పటికి తీరాల్సిన అప్పు తీరాలి, మిగిలింది రాసిచ్చినవాడికి చెందాలి. ఖర్చులు 10 వేలు, అసలూ వడ్డీ కలిసి 3 లక్షల 40 వేలు అయితే, మిగిలిన లక్షా 50 వేలు మాస్టర్ వీవరువే. ఫైనాన్సరు దయతలచి ఇచ్చేది కాదది.

దీనికి అడ్డంగా 130వ సెక్షన్‌ను చూపిస్తారు. సంతకం పడగానే హక్కులన్నీ ఫైనాన్సరుకు పోతాయి కదా అంటారు. నిజమే, పోతాయి. ఆయన తన పేరునే దావా వేయొచ్చు, రాసిచ్చినవాడి అనుమతి కూడా అక్కర్లేదు. కానీ అది వసూలు చేసే హక్కు. వసూలైన సొమ్ము ఎవరికెంత అన్నది 134 తేలుస్తుంది. ఒక సెక్షన్ చదివి, నాలుగు సెక్షన్ల అవతల ఉన్నదాన్ని వదిలేస్తే ఎలా?

రాసిచ్చేవాళ్ళ వైపు పొరపాట్లూ తక్కువేం కాదు. బాకీ రాసిచ్చాక దుకాణదారు నేరుగా తనకే కడితే ఆ డబ్బు వాడుకోవచ్చనుకుంటారు కొందరు. కూడదు. రాసిచ్చినవాడి చేతికొచ్చినా ఆ సొమ్ముకు పైన చెప్పిన వరసే వర్తిస్తుంది. దుకాణం దివాలా తీస్తే అప్పు రద్దయినట్టేననుకోవడమూ తప్పే. పోయింది హామీ, అప్పు కాదు.

దుకాణదారుకు నోటీసు ఇవ్వకపోతే బదిలీ చెల్లదన్నది ఇంకో అపోహ. రాతపూర్వకంగా సంతకం చేసిన కాగితంతోనే బదిలీ పూర్తవుతుంది. అయితే నోటీసు అందకముందు దుకాణదారు పాత పద్దు ప్రకారం మాస్టర్ వీవరుకు కట్టేస్తే ఆ చెల్లింపు చెల్లుతుంది, ఫైనాన్సరు మళ్ళీ కట్టమనలేడు. అందుకే నోటీసు వెంటనే పంపుకోవడం ఆయనకే మంచిది. పైగా 132వ సెక్షన్ ప్రకారం బదిలీ నాటికి ఆ బాకీ విషయంలో రాసిచ్చినవాడికున్న బాధ్యతలన్నీ ఆయనకూ అంటుతాయి: జరీ నాసిరకమని దుకాణం తిప్పి పంపిన చీరల విలువను మాస్టర్ వీవరు బాకీలోంచి తగ్గించాల్సి ఉంటే, ఫైనాన్సరూ తగ్గించుకోవాల్సిందే. (ప్రామిసరీ నోట్లు, చెక్కుల దారి వేరు. వాటికి ఈ సెక్షన్లు వర్తించవు.)

అసలు ప్రమాదం రాతలో ఉంది. హామీ కోసం ఇచ్చే కాగితంలో "ఈ బాకీని మీకు అమ్మితిని" అని రాసేస్తే, నోటిమాటగా మేం హామీ అనే అనుకున్నామని తర్వాత కోర్టులో నిరూపించడం చాలా కష్టం. రాతకు విరుద్ధంగా నోటి సాక్ష్యం చెప్పడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు, మినహాయింపులు కొన్నే. కాబట్టి ఇది హామీ అన్న మాట, అప్పు మొత్తం, వడ్డీ రేటు, మిగులు తిరిగివ్వాలన్న షరతు కాగితంలోనే ఉండాలి. అవి లేని కాగితం మీద రేషం బాకీ తరుముకొస్తున్నా సరే సంతకం పెట్టొద్దు. ఇప్పటికే హామీగా రాసిచ్చి, అప్పు తీరినా మిగులు అందనివాళ్ళు వసూలు లెక్క చూపించమని ఫైనాన్సరుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు దాటిపోకముందే ఇవ్వాలి.