రెండు దారుల మధ్య ఓ నిలువురాయి

న్యూజెర్సీ నుంచి కారులో బయల్దేరి పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి వెళ్లే తెలుగు కుటుంబాలకు పెన్సిల్వేనియా టర్న్‌పైక్ రహదారి బాగా తెలుసు. దారిలో టస్కరోరా కొండ కింద ఓ సొరంగం వస్తుంది. వెనక సీట్లో పిల్లలు కేరింతలు కొడుతుండగానే అయిపోతుంది. నిమిషంలో కొండ దాటేసినట్టే!

ఆ సొరంగానికి కొద్ది మైళ్ల దక్షిణాన కోవన్స్ గ్యాప్ అనే పార్కు ఉంది. అక్కడ కార్లు ఆపి, వీపున సంచి తగిలించుకుని, అడవిలోకి నడిచిపోయేవాళ్లు కనిపిస్తారు. వాళ్లు మళ్లీ బయటకొచ్చేది వారానికో, పది రోజులకో. నడిచేది 84 మైళ్లు, అంటే 135 కిలోమీటర్లు. ఆ దారి పేరు స్టాండింగ్ స్టోన్ ట్రెయిల్. నిలువురాయి దారి అన్నమాట.

అమెరికాలో ఇంతకంటే పొడవైన కాలిబాటలు చాలానే ఉన్నాయి. మరి దీని గొప్పేమిటి? ఇది రెండు పెద్ద దారులను కలిపే దారి. మొదట్లో దీనికి సొంత పేరు కూడా లేదు. అందరూ ‘లింక్ ట్రెయిల్’ అనేవారు. జోడింపు బాట... అంతే!

భయంలోంచి పుట్టిన దారి

ఈ కథ తెలియాలంటే ముందు అపలాచియన్ ట్రెయిల్ గురించి చెప్పుకోవాలి. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా సాగే దాదాపు 3,500 కిలోమీటర్ల కాలిబాట అది. 1937లో పూర్తయింది. చాలాచోట్ల ప్రైవేటు భూముల్లోంచి పోయేది. 1960లలో ఆ భూముల్లో ఇళ్లూ ఎస్టేట్లూ లేవడం మొదలయ్యేసరికి నడక ప్రియులకు గుండెల్లో రాయి పడింది. యజమానులు కంచె వేస్తే దారి తెగినట్టే కదా! అందుకే పశ్చిమాన, జనసంచారం తక్కువున్న కొండల మీదుగా మరో బాట వేసుకున్నారు. అదే టస్కరోరా ట్రెయిల్. వర్జీనియాలోని షెనన్డోవా జాతీయ పార్కులో పాతదారి నుంచి విడిపోయి, సుమారు 400 కిలోమీటర్లు తిరిగి, హారిస్‌బర్గ్ దగ్గర మళ్లీ అందులో కలుస్తుంది.

ఈలోగా 1968లో అమెరికా ప్రభుత్వం జాతీయ కాలిబాటల చట్టం చేసింది. పాతదారికి రక్షణ దొరికింది. టస్కరోరా అవసరం తగ్గింది. దానికి తోడు 1980లలో జిప్సీ మాత్ అనే పురుగు ఓక్ చెట్ల ఆకులన్నీ తినేసింది. చెట్లు చచ్చాయి, నేలకు ఎండ తగిలింది, ముళ్లపొదలు లేచాయి. కొన్నిచోట్ల దారే కనిపించకుండా పోయింది. అడవిలో దారి మాసిపోవడానికి కొన్నేళ్లు చాలు. తిరిగి తెరవడానికి మాత్రం ఎందరో చెమటోడ్చాల్సి వచ్చింది.

మధ్యలో మిగిలిన ఖాళీ

రెండో పెద్ద దారి మిడ్ స్టేట్ ట్రెయిల్. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే టామ్ త్వైట్స్ 1969లో విద్యార్థులను వెంటేసుకుని దీనికి శ్రీకారం చుట్టారు. ఇప్పుడది మేరీలాండ్ సరిహద్దు నుంచి న్యూయార్క్ సరిహద్దు దాకా 520 కిలోమీటర్లకు పైగా సాగుతుంది.

దక్షిణాన టస్కరోరా, ఉత్తరాన మిడ్ స్టేట్. రెంటికీ నడుమ కొండలే తప్ప దారి లేదు. ఆ ఖాళీని పూడ్చడానికే లింక్ ట్రెయిల్ వేశారు. ఉత్తరాన గ్రీన్‌వుడ్ ఫర్నేస్ పార్కు దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి చిన్న పిల్లబాట పట్టుకుంటే మిడ్ స్టేట్‌లో కలిసిపోవచ్చు.

2007లో దీనికి కొత్త పేరు పెట్టారు. దారికి దగ్గర్లోని హంటింగ్‌డన్ ఊరి దగ్గర ఒకప్పుడు ఆదివాసులు నిలిపిన ఎత్తయిన రాయి ఉండేది. సుమారు 14 అడుగులుండేదని 1754 నాటి ఓ ప్రయాణికుడి రాతల్లో ఉంది. ఆ రాయి ఇప్పుడు లేదు. పేరు మాత్రం దారికి మిగిలింది. అదే కాలంలో అలబామా నుంచి న్యూయార్క్ దాకా ఉన్న బాటలన్నిటినీ ముడివేసి ‘గ్రేట్ ఈస్టర్న్ ట్రెయిల్’ చేయాలన్న ప్రయత్నం ఊపందుకుంది. అందులో ఇదీ ఓ ముడి అయింది. 2013లో ఇద్దరు తొలిసారిగా ఆ దారి మొత్తం నడిచారు. 2016లో పెన్సిల్వేనియా ప్రభుత్వం ‘ఈ ఏటి మేటి బాట’గా స్టాండింగ్ స్టోన్ ట్రెయిల్‌నే ఎంపిక చేసింది.

వెయ్యి మెట్లెక్కి కూలికి

ఈ దారిలో జనం ఎక్కువగా వచ్చేది మౌంట్ యూనియన్ ఊరి దగ్గరున్న ‘థౌజండ్ స్టెప్స్’కి. పేరుకు వెయ్యి గానీ మెట్లు ఇంకా ఎక్కువే. జునియాటా నది ఒడ్డు నుంచి నిటారుగా కొండెక్కుతాయి. చూస్తే ఏ గుడి మెట్లో అనిపిస్తుంది. పైన గుడి లేదు, రాతి క్వారీ ఉండేది! ఉక్కు కొలుముల లోపల పరిచే ఇటుకలకు కావాల్సిన గానిస్టర్ రాయి అక్కడ తవ్వేవారు. 1930లలో క్వారీ కూలీలే ఆ రాళ్లతోనే ఈ మెట్లు కట్టుకున్నారు. రోజూ పొద్దున్నే ఇవన్నీ ఎక్కాకే వాళ్ల పని మొదలయ్యేది. ఇవాళ సెలవు రోజున సరదాకి వచ్చినవాళ్లు సగానికే కూలబడి నీళ్ల సీసా వెతుక్కుంటారు.

ఉత్తరపు కొసనున్న గ్రీన్‌వుడ్ ఫర్నేస్‌దీ అలాంటి కథే. 1834 నుంచి 1904 దాకా అక్కడ ఇనుప కొలిమి మండింది. దాని బొగ్గు కోసం చుట్టూ ఉన్న అడవిని నరికేశారు. కొలిమి ఆరాక ప్రభుత్వం ఆ నేల కొని మొక్కల నర్సరీ పెట్టింది. బోడికొండలు మళ్లీ పచ్చబడ్డాయి. ఇప్పుడు నడిచేవాళ్లు తలెత్తి చూసేది తిరిగి మొలిచిన అడవినే.

కాపలా ఎవరిది?

దారి పొడవునా చెట్ల మీద నారింజ రంగు పట్టీలుంటాయి. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. ఒక పట్టీ ఉంటే తిన్నగా పొమ్మని. ఒకదానిపై ఒకటి రెండుంటే మలుపు వస్తోంది జాగ్రత్త అని. ఈ రంగు వేసేదీ, గాలివానకు పడ్డ చెట్లు కోసేదీ, పొదలు కొట్టేదీ ఎక్కువగా స్థానిక ట్రెయిల్ క్లబ్బు సభ్యులు. జీతాల్లేని స్వచ్ఛంద సేవకులు. సొంత పనులు పక్కనపెట్టి రంపాలు భుజాన వేసుకుని కొండెక్కుతారు.

దారిలో కొంత ప్రభుత్వ అడవి, కొంత వేట భూములు, కొంత ప్రైవేటు నేల. యజమాని మంచి మనసుతో ‘సరే, నడవండి’ అంటేనే అక్కడ బాట. భూమి చేతులు మారి, కొత్త యజమాని కాదంటే నడిచేవాళ్లు తారురోడ్డెక్కాల్సిందే. అందుకే నడిచేవాళ్లు చెత్త వేయరు, గట్టు దాటరు, ఎదురైన రైతును పలకరించకుండా పోరు. వేట కాలంలో మెరిసే నారింజ చొక్కా వేసుకుంటారు. కొండ మీద నీళ్లు తక్కువ. రాళ్ల సందుల్లో గిలకపాములూ ఉంటాయి. అడుగు చూసి వేయాలి.

ఇక్కడ కొన్ని ఎకరాల్లో దారి మూసుకుపోతే, అటు అలబామా నుంచి నడిచొచ్చినవాడూ ఆగిపోతాడు.

ఈసారి పిట్స్‌బర్గ్ ప్రయాణంలో సొరంగం వచ్చినప్పుడు పిల్లలకు ఓ మాట చెప్పండి... ఈ నిమిషం ప్రయాణాన్ని కొందరు కొండల మీద వారం రోజులు నడుస్తారని. వాళ్లు దారి తప్పకుండా ఎవరో వచ్చి చెట్లకు రంగు వేసి వెళ్లారని!