ముందు గుంజను చూడండి

హిందూపురం మిర్చి, చింతపండు వ్యాపారుల లెక్కలు, ధర్మవరం పట్టుచీరల డిజైన్లు, పెనుకొండ విద్యార్థుల ధ్రువపత్రాలు నేడు కంప్యూటర్లలో ఉంటున్నాయి. వాటిలో మన సొత్తు కొంత, ఇతరులు నమ్మి మనకు అప్పగించినది మరికొంత. రెండవది అమానతు. దానిని కాపాడటం విశ్వాసి విధి.

ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) ఒక వ్యక్తికి బోధించిన ఉదంతం తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. యాంటీవైరస్ అటువంటి కట్టుత్రాడు. అయితే గుంజ కదులుతుంటే త్రాడు ఎంత గట్టిదైనా ఒంటె నిలువదు. కంప్యూటరుకు ఆ గుంజ ఆపరేటింగ్ సిస్టమ్.

2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, సవరణను విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని యంత్రాలే ఎక్కువగా నష్టపోయాయి.

కాబట్టి యాంటీవైరస్ కొనేముందు మీ కంప్యూటరులో ఏ సిస్టమ్ ఉన్నదో తెలుసుకోండి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో సాధారణ అప్‌డేట్లు నిలిచిపోయాయి. పాతదానిపై కొత్త యాంటీవైరస్ వేసినంత మాత్రాన లోపాలు పూడవు. వీలైతే విండోస్ 11కు మారండి. యంత్రం అందుకు సరిపోకపోతే ఉబుంటు వంటి ఉచిత లినక్స్ ఉన్నది. మీ లెక్కల ప్రోగ్రాము దానిలో నడుస్తుందో లేదో ముందుగా విచారించుకోండి.

విండోస్ 11లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగానే వస్తుంది. సామాన్య గృహావసరాలకు, అప్‌డేట్లు సక్రమంగా జరుగుతుంటే, అది చాలు. వేరొకటి కొనదలిస్తే అది మీ సిస్టమ్‌కు, మీ ర్యామ్‌కు తగినదేనా అని పెట్టెపై చదవండి. రెండు యాంటీవైరస్‌లను కలిపి నడిపితే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి, యంత్రమూ నెమ్మదిస్తుంది. ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో వైరస్‌ను తొలగించే ఉచిత సాధనాలు లభిస్తాయి.

‘క్రాక్’ చేసిన యాంటీవైరస్ జోలికి మాత్రం పోవద్దు. అది పరుల సొత్తును అపహరించడం. పైగా అటువంటి ఫైళ్లలోనే తరచుగా వైరస్ దాగి ఉంటుంది. దొంగనే కావలి పెట్టుకున్న ఇల్లు ఎన్నాళ్లు క్షేమంగా ఉండగలదు?

ముఖ్యమైన ఫైళ్లను వారానికొకసారి వేరే డ్రైవులోకి ఎక్కించి, ఆ డ్రైవును కంప్యూటరు నుండి విడదీసి భద్రపరచండి. మన వంతు జాగ్రత్త తీసుకున్న పిదప ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగిద్దాం. మన అమానతులను ఆయన కాపాడుగాక! ఆమీన్.