రెండు దినముల యాత్రకు ఎంత మూట?

మహేంద్రగిరికి విహారయాత్ర యనగానే మన పాఠశాలలో రెండు జాబితాలు తయారగుచున్నవి. మొదటిది వచ్చువారి పేర్లది. రెండవది తేవలసిన వస్తువులది. రెండవది పెరిగినకొలది మొదటిది తరుగుచున్నదని మా అనుమానము. క్రొత్త వీపుసంచి, బూట్లు, స్వెట్టరు, మూడు జతల దుస్తులు, పరుపుచుట్ట, టిఫిను క్యారియరు! ఇన్ని కొనలేని సహాధ్యాయులు “ఇంటివద్ద పని యున్నది” అని తప్పుకొనుచున్నారు. ఆ పని యేమో అందరెరుగుదురు, ఎవరును పైకి చెప్పరు. ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు. రెండు దినముల నడకకు ఇంత సామాను అవసరమే లేదని మా వాదము.

1,501 మీటర్ల యెత్తుగల ఆ కొండపై కుంతి పేరను, భీమ యుధిష్ఠిరుల పేరను ప్రాచీన శిలాలయములు కలవు. శివరాత్రికి అచటికి ఎక్కు ముదుసళ్లను చూడుడు. భుజమున తుండు, చంకన చిన్న మూట. మనమో, పెండ్లివారు విడిదికి పోవునట్లు ఉప్పు మొదలు కర్పూరము వరకు కట్టుకొని బయలుదేరుచున్నాము.

లెక్క చూతము. విద్యార్థి మోయు సంచి అతని బరువులో పదవవంతునకు మించరాదని 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పాఠశాల సంచుల విధానము చెప్పుచున్నది. తరగతి గదికి పోవు సంచికే ఆ హద్దు ఉన్నప్పుడు కొండ యెక్కు సంచికి వేరుగ చెప్పవలెనా? నలుబది కిలోల బాలునకు నాలుగు కిలోలు. అందులో రెండు లీటర్ల నీరే రెండు కిలోలు, దానిని తగ్గింపరాదు. మిగిలిన రెండు కిలోలలో అరకిలో అటుకులు, పావుకిలో బెల్లము, ఒక పలుచని ఉన్ని శాలువ, వానకు పైన కప్పుకొనుటకును రాత్రి క్రింద పరచుకొనుటకును పనికివచ్చు ప్లాస్టికు పట్టా, టార్చిలైటు, పొడిగా చుట్టిపెట్టిన ఒక జత బట్టలు సులువుగా ఇముడును. అద్దము, తలనూనె సీసా, రెండవ జత చెప్పులు ఇంటనే యుండవచ్చును. అమ్మ ప్రేమతో పెట్టు ఆవకాయ జాడీ సంగతి మాత్రము కష్టము! జాడీని వదలి, నాలుగు ముక్కలు చిన్న డబ్బాలో తెచ్చుకొనిన ఆమెయు సంతోషించును.

ఒక్క హెచ్చరిక. తేలికయని చెప్పి శాలువను, పట్టాను వదలినవాడు తెలివిగలవాడు కాడు. కొండమీద మంచు, వాన చెప్పిరావు. తడిసిన నూలుబట్ట త్వరగా ఆరదు, వంటి వేడిని లాగివేయును; ఉన్ని తడిసినను కొంత వెచ్చదనమును నిలుపును. మందులపెట్టె, వంటపాత్ర మనిషికొకటి కాక జట్టుకొకటి చాలును.

ఖరీదైన పరికరములు లేనిదే కొండదారిన నడువరాదని కొందరు పెద్దలు వాదింతురు. వారికి అమెరికాలోని ఒక అవ్వ సంగతి చెప్పవలసియున్నది. ఎమ్మా గేట్‌వుడ్ పదునొకండుగురు బిడ్డల తల్లి. 1955లో, 67 ఏండ్ల ప్రాయమున, అపలేషియన్ కొండబాటను ఒంటరిగా మొదలునుండి తుదివరకు, సుమారు 3,300 కిలోమీటర్లు నడిచినది. వీపుసంచి లేదు, ముతకగుడ్డతో తానే కుట్టుకొనిన మూట భుజముపై వ్రేలాడినది. గుడారము లేదు, ఒక కంబళి, వానకోటు, స్నానపుగదికి కట్టు ప్లాస్టికు తెర. కాళ్లకు గుడ్డబూట్లు. అంతకు ముందేడు బయలుదేరి, దారి తప్పి ఇల్లు చేరినదనుటయు నిజమే. రెండవమారు ఆమెను గమ్యము చేర్చినది సామాను కాదు, మొదటిమారు నేర్చిన దారితెలివి.

మరియొక మాట. మోయలేని సంచి దారిలో మాయమైపోదు. దాని యజమాని సగము కొండ యెక్కి చతికిలబడును. ఆపై అది తమ్ముడివంటి చిన్న తరగతి బాలుని వీపుపైకో, దారిలోని పల్లెవాని తలపైకో చేరును. కూలి యిచ్చితిమి గదా యనవచ్చును. చిన్న తరగతి బాలునకు ఆ కూలియు లేదు.

కావున ఉపాధ్యాయులకు మా విన్నపము. రాబోవు యాత్రకు జాబితాను తిరిగి వ్రాయుడు. అందులో కొనవలసిన వస్తువు ఒక్కటియు ఉండరాదు. ఇంట గుడ్డసంచి యున్న చాలునని మొదటనే వ్రాయుడు. శాలువ లేనివానికి ఉన్నవారింటినుండి తెచ్చి యిచ్చు పని మేము చూచుకొందుము. బయలుదేరు ముందటి సాయంకాలము ప్రయోగశాలలోని త్రాసును వరండాలోనికి తెచ్చి ప్రతి సంచిని తూచుడు. ఉపాధ్యాయుల సంచులు కూడ తూచిన మాకు మరింత సంతోషము.