ఊపిరి కోసం అప్పులపాలు కావాలా?

వానలు పడి చలి మొదలైతే చాలు, మన వాడల్లో పసిబిడ్డల డొక్కలెగురుతాయి. మొదట ముక్కు కారుద్ది. రెండు మూడు రోజులకు దగ్గు, పిల్లికూతలు. రొమ్ము పట్టిన బిడ్డ ఊపిరాడక వదిలేస్తాడు. ఇక చూడండి, ఇంట్లో మేక అమ్ముడైద్ది, తల్లి కమ్మలు తాకట్టుకు పోతాయి. ఆ డబ్బంతా సూదులకు, సీసాలకు!

ఈ జబ్బు పేరు బ్రాంకియోలైటిస్. రెండేళ్ల లోపు పిల్లలకు వస్తుంది. ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచి, తెమడతో పూడుకుపోతాయి. ఎక్కువసార్లు దీనికి కారణం ఆర్.ఎస్.వి. అనే వైరస్. వైరస్ మీద యాంటీబయాటిక్ సూది పనిచేయదు. 2014లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ, 2015లో బ్రిటన్ నైస్ సంస్థ ఒకేమాట చెప్పాయి: ఈ జబ్బుకు సాల్‌బ్యుటమాల్ ఆవిరి వద్దు, స్టెరాయిడ్లు వద్దు, బాక్టీరియా తోడైతే తప్ప యాంటీబయాటిక్ వద్దు.

మరి ఆసుపత్రి ఎందుకంటారా? ఊపిరి నిలబెట్టడానికి. వేలికి పెట్టే ఆక్సీమీటరు 90 కంటే తక్కువ చూపిస్తే ఆక్సిజన్ పెట్టాలి. మూసుకుపోయిన ముక్కు శుభ్రం చేయాలి. తాగలేని బిడ్డకు గొట్టం ద్వారా పాలు పట్టాలి, అదీ కుదరకపోతే సెలైన్ ఎక్కించాలి. మాటిమాటికీ వచ్చి చూసే నర్సు ఉండాలి. అసలు వైద్యం ఇదే. చాలామంది బిడ్డలు దీంతోనే కోలుకుంటారు.

మనలోనూ తప్పుంది. సూది వేయని డాక్టరును డాక్టరే కాదంటాం. పొట్ట మీద వాతలు పెట్టిస్తాం. ఇది మానాలి. అలాగని డాక్టరుతో పోట్లాడమనడం లేదు. "ఈ మందు ఎందుకండీ? ఆక్సిజన్ ఎంతుంది?" అని అడగండి. అడగడం మన హక్కు.

అక్కలారా, అన్నలారా! బిడ్డ రోజూ తాగే పాలల్లో సగం కూడా తాగకపోయినా, ఛాతీ లోపలికి లాక్కుపోతున్నా, పెదాలు నీలమెక్కినా, మధ్యలో ఊపిరి ఆగినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. రెండు మూడు నెలల లోపు పసికందులకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. ఇంట్లో పొయ్యి పొగ, బీడీ పొగ బిడ్డకు తగలనీయొద్దు. తల్లిపాలు మానిపించొద్దు.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాది లోపు బిడ్డకు సర్కారు ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. అది ఎవరో పెట్టే దానం కాదు.

కార్యకర్తలు ఈ పక్షంలోనే తమ ఆసుపత్రికి వెళ్లి నాలుగు సంగతులు చూడాలి. ఆక్సీమీటరు పనిచేస్తుందా? సిలిండరు నిండుగా ఉందా? పసిపిల్లల సైజు గొట్టాలున్నాయా? రాత్రి నర్సు ఉంటుందా? లేకపోతే పదిమందీ సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. జవాబు వచ్చేదాకా తిరగండి.

గాలి అందరిదీ. మన బిడ్డకు అది అందకుండా పోతుంటే ఊరుకుందామా?