ఏ డిగ్రీ అయినా చాలదు

ఇంటర్ బైపీసీ ముగించిన పిల్లలు బీఎస్సీ ఫారెస్ట్రీలో చేరతామంటే మన ఇళ్లలో వినబడే మాట ఒక్కటే: "దానికోసం నాలుగేళ్లెందుకు? ఏ డిగ్రీ ఉన్నా ఫారెస్టు ఉద్యోగానికి అర్హతే కదా. ఏదో ఒకటి పూర్తిచేసి కోచింగ్ తీసుకో." ఇది తెలియక అనే మాట కాదు. రూల్సు తెలిసినవాళ్లే అంటున్నారు. కోచింగ్ సెంటర్లు అంటున్నాయి, లెక్చరర్లు అంటున్నారు, అటవీశాఖలో పనిచేస్తున్నవాళ్లూ కొందరు అంటున్నారు. నియామక నిబంధనలు తిరగేస్తే వాళ్ల మాటలో పెద్ద తప్పేమీ కనబడదు. తప్పు నిబంధనలోనే ఉంది.

యూపీఎస్సీ జరిపే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష రాయాలంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, గణాంకశాస్త్రం, పశుపోషణ-పశువైద్యం, వీటిలో ఏ ఒక్కటి డిగ్రీలో చదివినా చాలు. వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ పట్టభద్రులకూ తలుపు తెరిచే ఉంది. రేంజ్ ఆఫీసర్ పోస్టుకు ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇచ్చే అర్హతల జాబితాలో కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ కూడా ఉంటాయి. నాలుగేళ్లు అడవినే చదివిన అమ్మాయి, నాలుగేళ్లు సర్క్యూట్లు చదివిన అబ్బాయి ఒకే వరసలో నిలబడతారు. అడవి చదివినందుకు ఆమెకు ఒక్క మార్కు కలవదు.

ఇదే ప్రభుత్వం మండల వ్యవసాయాధికారి కావాలంటే వ్యవసాయ డిగ్రీ అడుగుతుంది. ఉద్యానాధికారికి హార్టికల్చర్ చదువు కావాలంటుంది. పశువుల ఆసుపత్రికి బీవీఎస్సీ చదివినవారినే పంపుతుంది. గణితం చదివి ఆరు నెలలు కోచింగ్ తీసుకున్న మనిషిని ఈనలేక అవస్థపడుతున్న గేదె దగ్గరికి పంపితే ఊరు ఊరుకోదు. అడవి విషయంలో మాత్రం ఎవరూ అడగరు. అడవి తనంతట తాను పెరిగేదనీ, అధికారి పని దాని చుట్టూ కాపలా తిరగడమేననీ మన మనసుల్లో పాతుకుపోయిన నమ్మకమే దీనికి మూలం. అటవీశాఖ అంటే ఖాకీ చొక్కా, జీపు, కలప లారీ పట్టుకోవడం. ఆ బొమ్మ చెరగనంతకాలం ఏ డిగ్రీ అయినా చాలుననే అనిపిస్తుంది.

కాపలా అవసరమే, కాదనను. కానీ ఆ పనిలో అసలు కష్టం ఇంకోచోట ఉంది. వరికి మందు తప్పు వేస్తే ఆ పంటలోనే తెలిసిపోతుంది, వచ్చే ఏడు దిద్దుకోవచ్చు. టేకు తోట కోతకు రావడానికి 50 నుంచి 80 ఏళ్లు పడుతుంది. మొదటి పదేళ్లలో పలచన చేయాల్సిన తోటను చేయకుండా వదిలేస్తే చెట్లన్నీ వెలుతురుకోసం పోటీపడి సన్నగా, పొడుగ్గా సాగిపోతాయి. మరీ ఎక్కువ తీసేస్తే పక్కకొమ్మలు పెరుగుతాయి, నేల బయటపడి వానకు మట్టి కొట్టుకుపోతుంది. ఏ చెట్టు ఉంచాలి, ఏది తీయాలి అన్న నిర్ణయం రేంజ్ ఆఫీసర్‌ది. అది తప్పని తేలేనాటికి ఆయన రిటైరై ఉంటాడు, ఒక్కోసారి కాలం చేసి ఉంటాడు. తన తప్పు నుంచి తాను నేర్చుకునే అవకాశం వ్యవసాయాధికారికి ఉంటుంది, అటవీ అధికారికి ఉండదు. అందుకే ఈ వృత్తిలో "పనిలో పడ్డాక నేర్చుకుంటాడులే" అన్న ధీమా పనికిరాదు. ముందు తరాలు రాసిపెట్టిన కొలతలు, ప్రయోగాలు, వైఫల్యాలు చదివి రావాలి. యూనివర్సిటీ ఉన్నది అందుకే.

ఆ చదువులో ఏముంటుందని అడిగేవాళ్లకు కొన్ని సంగతులు చెప్పాలి. టేకు కాయలు నేరుగా చల్లితే సరిగా మొలవవు. రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టి, అలా కొన్ని రోజులు మార్చి మార్చి చేయాలి. ఏడాది వయసు మొక్కను పీకి, కాండం రెండు మూడు సెంటీమీటర్లు, వేరు జానెడు ఉంచి కోసిన స్టంపును తొలకరికి గడ్డపలుగుతో పొడిచిన గుంటలో దించాలి. తునికి పొదలను ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొట్టిస్తేనే ఏప్రిల్, మే నాటికి బీడీకి పనికొచ్చే లేత ఆకు వస్తుంది. ఆ కొట్టుడు ఆలస్యమైతే తునికాకు మీద బతికే కుటుంబాలకు ఆ ఏడాది కూలి పోయినట్టే. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు. ఆ మంట ఎండాకాలంలో ఎటు పాకుతుందో, ఫైర్‌లైన్ ఎక్కడ తీయాలో, ఎప్పుడు కాల్చి ఉంచాలో నేల వాలునూ గాలినీ చూసి చెప్పగలగాలి. ఎర్రచందనం శేషాచలం చుట్టుపక్కల రాళ్ల నేలలో నెమ్మదిగా పెరుగుతుంది. పెట్రోలింగ్ ఎంత చేసినా, కొట్టేసిన చోట కొత్త మొక్క లేస్తోందో లేదో లెక్కగట్టేవాడు లేకపోతే ఆ అడవిని కాపాడినట్టు కాదు.

నాటకూడని చోటు తెలియడం ఇంకా పెద్ద చదువు. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. ఆ పక్షికి కావలసింది చెట్లు కాదు, విశాలమైన గడ్డినేల. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడటమే గగనమైంది. చెట్లు లేని నేలంతా బీడేననుకునే చూపుతో అలాంటి చోట గుంతలు తవ్విస్తే, మొక్కల లెక్క పెరుగుతుంది గానీ గడ్డిని నమ్ముకున్న జీవాలు పోతాయి. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం, పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచుతామంది. ఉద్దేశం మంచిదే, శ్రమ కూడా నిజమే. కానీ త్వరగా పచ్చబడుతుందని ఊరూరా, రోడ్ల మధ్య డివైడర్ల మీదా కోనోకార్పస్ నాటారు. తర్వాత నర్సరీల్లో దాన్ని పెంచొద్దని చెప్పాల్సి వచ్చింది. ఈ నేలకు ఈ చెట్టు తగునా అన్నది ఫారెస్ట్రీ విద్యార్థికి నేర్పే తొలి పాఠాల్లో ఒకటి. ఆ ప్రశ్న నర్సరీ సంచుల్లో మట్టి నింపకముందే అడగాలి.

ప్రతివాదులు బ్రాండిస్ పేరు తెస్తారు. 1864లో భారతదేశపు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయిన డీట్రిష్ బ్రాండిస్ చదివింది ఫారెస్ట్రీ కాదు, వృక్షశాస్త్రం. బర్మా టేకు అడవుల్లో పనిచేస్తూ నేర్చుకున్నాడు. నిజమే. అయితే అధికారం చేతికొచ్చాక ఆ మనిషి ఏంచేశాడో కూడా చెప్పాలి కదా. తనలాగే అందరూ పనిలో నేర్చుకోవాలని అనలేదు. 1867 నుంచి కొత్తగా ఎంపికైన యువకులను ఫ్రాన్స్‌లోని నాన్సీ ఫారెస్ట్రీ స్కూలుకూ, జర్మనీకీ పంపే ఏర్పాటు చేశాడు. 1878లో దెహ్రాదూన్‌లో ఫారెస్టు స్కూలు పెట్టించాడు. ఆనాటి ప్రభుత్వానికి కావలసింది రైల్వే స్లీపర్లకు కలప. అడవిలోని మనుషుల హక్కులను అది ఎలా తొక్కిందో మనకు తెలుసు. ఆ లక్ష్యాన్ని సమర్థించను. అడవిని నిలువునా కొట్టుకున్న ప్రభుత్వానికే చదువుకున్న ఫారెస్టరు అవసరమని తెలిస్తే, కాపాడతామంటున్న మనకు తెలియకపోవడం ఏమిటన్నదే నా ప్రశ్న.

మనకూ ఒకప్పుడు తెలుసు. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ ఫారెస్ట్రీని విశ్వవిద్యాలయాల్లో బోధించాలని సిఫారసు చేసింది. 1985 ప్రాంతంలో హిమాచల్‌లోని సోలన్‌లో, తమిళనాడులో, కర్ణాటకలో డిగ్రీ కోర్సులు మొదలయ్యాయి. తమిళనాడులోని మేట్టుపాళయం అటవీ కళాశాల నమూనా చూసి 2016లో తెలంగాణ ప్రభుత్వం సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, పరిశోధన సంస్థ పెట్టింది. (సమ్మక్క సారలమ్మల ములుగు ఇది కాదు, రెండూ ఒకటేననుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.) కాలేజీలు కట్టారు, హాస్టళ్లు కట్టారు, నర్సరీలు వేశారు. మన దగ్గర ఉద్యోగపు గుమ్మం మాత్రం అందరికీ ఒకేలా ఉంచేశారు. తమిళనాడు నియామకాల్లో ఫారెస్ట్రీ డిగ్రీకి ప్రాధాన్యమిస్తోంది. కర్ణాటకలో రేంజర్ పోస్టుల్లో ఫారెస్ట్రీ పట్టభద్రులకు వాటా ఉంది, దాన్ని తగ్గించబోయినప్పుడు అక్కడి విద్యార్థులు రోడ్డెక్కారు. తెలంగాణ కూడా ములుగు పట్టభద్రులకు కోటా ఇస్తామంది. కోటా ప్రకటించి నోటిఫికేషన్ వేయకపోతే ఆ పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

"ఎంపికయ్యాక శిక్షణ ఉందిగా" అంటారు. ఉంది. రేంజర్‌కు ఏడాదిన్నర శిక్షణ. ఆ ఏడాదిన్నరలోనే చట్టాలు, సర్వే, ఆయుధాలు, ఖాతాలు, డ్రిల్లు, టూర్లు, సిల్వికల్చర్, వన్యప్రాణి నిర్వహణ. అప్పటికే నాలుగేళ్లు చదివి వచ్చినవారికి ఆ శిక్షణ పదును పెడుతుంది. ఏమీ చదవనివారికి అది పరిచయం మాత్రమే. పరీక్షలో ఫారెస్ట్రీ పేపర్లున్నాయి కదా అన్నది ఇంకో వాదన. ఇంజినీర్లలో చాలామంది ఆ సబ్జెక్టునే ఐచ్ఛికంగా ఎంచుకుంటారు, నోట్సు కొని ఆరు నెలల్లో ముగిస్తారు. ఆరు నెలల్లో వచ్చేవి జవాబులు. మద్దిచెట్టుకూ ఏగిసచెట్టుకూ తేడా ఆకురాలే కాలంలో బెరడు చూసి చెప్పడం నోట్సులో రాదు. ఇంజినీరింగ్ నుంచి వచ్చి గొప్పగా పనిచేసిన అధికారులు లేరా? ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. వాళ్లు నిబంధన వల్ల కాదు, సొంత పట్టుదల వల్ల ఫారెస్టర్లయ్యారు. కొందరి పట్టుదలను నమ్ముకుని నియామక విధానం నడపకూడదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఉట్నూరు గోండు యువకుడికీ, నల్లమల చెంచు అమ్మాయికీ ఏ యూనివర్సిటీ నేర్పని అడవి తెలుసు. ఫారెస్ట్రీ డిగ్రీ తప్పనిసరి చేస్తే దగ్గర్లోని కాలేజీలో మామూలు బీఎస్సీ చదివిన ఆ పిల్లలకు దారి మూసినట్టు కాదా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. దీనికి జవాబు డిగ్రీని వదులుకోవడం కాదు, డిగ్రీని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం. విజయనగరం జిల్లాలో ఒకటి, అసలు ములుగులో సమ్మక్క సారక్క పేరుతో ఇంకొకటి, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు మన రెండు రాష్ట్రాలకూ వచ్చాయి. వాటిలో అటవీశాస్త్రం పూర్తిస్థాయి డిగ్రీగా నడవాలి. ఇంటర్ అర్హతతో బీట్ ఆఫీసర్‌గా చేరినవారికి జీతంతో చదువు సెలవిచ్చి ఆ డిగ్రీ చదివించాలి. అప్పుడు ఆ యువతీయువకులు వాచర్లుగా, ట్రాకర్లుగా ఆగిపోకుండా రేంజర్లవుతారు.

కాలేజీలకూ ఒక మాట చెప్పాలి. ఫారెస్ట్రీ అంటే చెట్ల లెక్క ఒక్కటే కాదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలంలో పోడు గొడవ ఒక రేంజ్ అధికారి ప్రాణం తీసింది. ఏ డిగ్రీ ఉన్నా ఆ దాడి ఆగేదని నేననను. కానీ 2006 అటవీ హక్కుల చట్టం, పోడు చరిత్ర, గూడెంలో కూర్చుని మాట్లాడే తీరు సిలబస్ చివర్లో ఒక చిన్న పేపరుగా మిగిలిపోకూడదు. ప్రతి విద్యార్థీ ఒక ఎండాకాలం మొత్తం తునికాకు కల్లాల దగ్గర, ఒక వానాకాలం మొత్తం నర్సరీలో గడపాలి. ఆ పని చేయించని కాలేజీకి ప్రాధాన్యం అడిగే హక్కు లేదు.

శాఖ బయట కూడా ఈ చదువుకు పని ఉంది. భద్రాచలం, రాజమహేంద్రవరం కాగితపు మిల్లులకు కలప ఇస్తున్నది ఎక్కువగా రైతుల పొలాల్లోని జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలే. ఆ రైతుకు క్లోను ఎంపికలో, కోత వయసులో, ధర బేరంలో సలహా చెప్పే ఫారెస్టరు మండలానికి ఒకరుండాలి. ప్రాజెక్టుల కింద పోయే అడవికి బదులు వేసే వనాలు బతికాయో లేదో తేల్చడానికి స్వతంత్రంగా కొలిచే మనుషులు కావాలి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద అది అడవా కాదా అని అందరూ వాదించారు. ఆ మాట చెట్లనూ జీవాలనూ లెక్కించి చెప్పగల నిపుణుల అవసరం ఆ రోజుల్లో ఎంత కనబడిందో!

రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ నేను అడిగేది ఇది. రేంజ్ ఆఫీసర్ మొదలు పై పోస్టుల నియామకాల్లో ఫారెస్ట్రీ డిగ్రీని మొదటి అర్హతగా పెట్టండి. ఆ పట్టభద్రులు చాలనప్పుడే మిగతా సైన్సు డిగ్రీల వైపు చూడండి. గిరిజన ప్రాంతాల్లో ఆ కోర్సు నిలదొక్కుకునేదాకా అక్కడి అభ్యర్థులకు పాత అర్హతే కొనసాగించండి. ఇవన్నీ సర్వీసు నిబంధనల సవరణతో అయ్యే పనులు, వచ్చే నోటిఫికేషన్‌కు ముందే చేయండి.