చవక ధర ఊరి అంగడి దాకా రావాలి

నెల్లూరులో డీమార్ట్ వెలిశాక కొడవలూరు మండలంలో నెల వెచ్చాల లెక్క మారింది. ఇదివరకు చిల్లర సరుకులకు వీధి చివరి అంగడి ఉండేది. పెళ్లో పెద్ద పండగో వస్తే స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లకు పోయేవాళ్లు. ఇప్పుడు మూడో దారి పడింది. నెలనెలా జీతం చేతికొచ్చే ఇళ్లవాళ్లు మొదటి వారంలో బండి తీసి, కోవూరు మీదుగా పెన్నా వంతెన దాటి, నెలకు సరిపడా సరుకు ఒక్కసారే తెచ్చుకుంటున్నారు. పోలేనివాళ్లు ఊళ్లో అంగడి ముందు నిలబడి ‘అక్కడ తక్కువకే ఇస్తున్నారంట కదన్నా’ అని అడుగుతున్నారు. అంగడాయన దగ్గర దానికి సరైన సమాధానం ఉండదు. చాలా సరుకుల్లో డీమార్ట్ అమ్మే ధర కంటే ఆయన కొనే ధరే ఎక్కువ.

పెద్ద దుకాణానికి పోయొచ్చినవాళ్ల మాటల్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. వాళ్లకు నచ్చింది ధర ఒక్కటే కాదు. సరుకు చేత్తో పట్టుకుని చూడొచ్చు, తేదీ చదువుకోవచ్చు, వద్దనుకుంటే మళ్లీ అరలో పెట్టేయొచ్చు. మొహం చిట్లించేవాళ్లు ఉండరు. కొన్నదానికల్లా బిల్లు చేతికొస్తుంది. అన్నిటికీ మించి అక్కడ అందరిదీ ఒకే వరుస. ఊరి అంగట్లో ఎవరికి ముందు కట్టివ్వాలన్నది మనిషిని బట్టి, వీధిని బట్టి తేలే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కూలికి పోయే ఆడమనిషి అరగంటగా నిలబడి ఉంటే, అప్పుడే మోటారు సైకిలు దిగిన ఆసామికి ముందు పొట్లం కట్టిచ్చే చోట పుట్టి పెరిగినవాళ్లకు బిల్లింగ్ కౌంటర్ ముందు దొరికే మర్యాద విలువ తెలుసు. చిల్లరంగళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

అక్కడి కష్టాలూ పోయొచ్చినవాళ్లే చెబుతారు. పండగ ముందు కాలు పెట్టడానికి చోటుండదు, బిల్లు వేయించుకునేసరికి ఓపిక అయిపోతుంది, అప్పు మాట ఎత్తే వీల్లేదు. కందిపప్పు కోసం పోతే ప్లాస్టిక్ బకెట్టు, దుప్పటి, పిల్లలకు రెండు టీషర్టులు కూడా సంచిలోకి చేరతాయి.

ఆ చివరి ఫిర్యాదులోనే వ్యాపారం కిటుకు ఉంది. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పొవాయిలో మొదటి డీమార్ట్ తెరిచారు. 2025 మార్చి నాటికి దుకాణాలు 415 అయ్యాయి, ఆ ఏడాది ఆదాయం 59 వేల కోట్ల రూపాయలు దాటింది. ధర తగ్గించడానికి ఆ సంస్థ పట్టుకున్న సూత్రాలు నాలుగైదే. దుకాణాలు చాలావరకు సొంత స్థలాల్లో, లేదా దీర్ఘకాలిక లీజుల్లో ఉంటాయి కాబట్టి అద్దె భారం తక్కువ. సరుకు ఇచ్చినవాళ్లకు రోజుల్లోనే డబ్బు కడుతుంది, అందుకు బదులుగా ధరలో తగ్గింపు రాబడుతుంది. త్వరగా అమ్ముడుపోయే రకాలే ఎక్కువగా పెడుతుంది. అమ్మకాల్లో సగానికి పైగా తిండి సరుకులే, వాటి మీద మిగిలేది కొంచెమే. దుస్తులు, గిన్నెలు, ప్లాస్టిక్ సామాను కలిపి అమ్మకాల్లో పావు వంతుకు దగ్గర్లో ఉంటాయి, లాభం వాటి మీద ఎక్కువ. పప్పు ధర జనాన్ని రప్పిస్తుంది, దుప్పటి లెక్క సరిచేస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. చీటీ రాసుకుని పోయి, ఆ చీటీ మేరకే కొని వచ్చే ఇంటికి నిజంగానే డబ్బు మిగులుతుంది.

అయితే ఎంత మిగిలిందో తేల్చుకోవడానికి బిల్లు మీది తగ్గింపు అంకె ఒక్కటే చాలదు. అది ఎంఆర్‌పీతో పోల్చి చెప్పే అంకె. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే. ఊరి అంగడాయన కూడా పెద్ద ప్యాకెట్ల మీద రెండో మూడో తగ్గించే ఇస్తాడు. దుకాణమే సొంతంగా ప్యాక్ చేయించి అమ్మే పప్పుల మీద ఎంఆర్‌పీ వేసేదీ ఆ ప్యాక్ చేసినవాళ్లే. అందుకే గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో చూడాలి. 2021లో సవరించిన ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనల ప్రకారం ఆ ధర ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. చాలా షాంపూల్లో పెద్ద సీసా కంటే చిన్న సాచెట్టే మిల్లీలీటరు లెక్కన చవక అన్న సంగతి ఆ అంకె చూస్తేనే తెలుస్తుంది. బియ్యం సంగతీ అంతే. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. దాంతో మార్కెట్లోకి 26 కిలోల బస్తా వచ్చింది. రెండు చోట్ల బస్తా ధర పోల్చేటప్పుడు ఆ ఒక్క కిలో తేడా చూసుకోకపోతే లెక్క తప్పుతుంది.

పెన్నా డెల్టా ఆయకట్టులోని కొడవలూరులో అసలు తేడా ఇంకో చోట ఉంది. ఇక్కడ చాలా ఇళ్లకు డబ్బు నెలకోసారి రాదు. ప్రధాన పంటగా వేసే వరి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కోతకొస్తుంది. పుట్టి, అంటే 850 కిలోల ధాన్యం, ఎంత పలికిందన్న దాన్ని బట్టి ఆ ఏడాది ఇల్లు నడుస్తుంది. అమ్మిన ధాన్యం డబ్బు చేతికి రావడానికీ టైము పడుతుంది. ఈలోపు కౌలురైతు ఇంటికి ఉప్పూ పప్పూ ఇచ్చేది ఊరి అంగడే. అక్కడి పద్దు పుస్తకం తెరిస్తే పూర్తి పేర్లు కనబడవు. ‘గేటుకాడ అక్క’, ‘ట్రాక్టరు డ్రైవరు’, ‘పంపుషెడ్డు పెద్దాయన’ అని రాసి, పక్కన సరుకు, డబ్బు, కింద జమ అయిన కొద్ది మొత్తం. హామీ సంతకం లేదు, బ్యాంకు పాసుపుస్తకం లేదు. ఆ నమ్మకానికి ధర కూడా ఉంది. అప్పు మీద తీసుకున్న సరుకు చాలాచోట్ల రొక్కం ధరకు రాదు, బేరమాడే వీలూ ఉండదు.

లెక్క వేసి చూస్తే అన్యాయం ఎక్కడుందో తెలుస్తుంది. డీమార్ట్‌లో నూటికి ఎనిమిది రూపాయలు మిగిలాయనుకుందాం. మూడు వేల సరుకు ఒక్కసారే కొన్న ఇంటికి 240 రూపాయలు మిగిలాయి. సొంత బండి ఉంటే పెట్రోలు పోను లాభమే. కూలి డబ్బుతో రెండు వందల సరుకు కొనే ఇంటికి మిగిలేది 16 రూపాయలు, అది నెల్లూరు పోయి వచ్చే పూట పోగొట్టుకునే కూలికి ఏ మూలకూ చాలదు. చవక ధర ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందడం లేదు. పైగా రొక్కం పెట్టి పెద్ద మొత్తంలో కొనేవాళ్లంతా నెల్లూరు పోతే, ఊరి అంగడికి మిగిలేవి అప్పు పద్దులే. అలాంటి అంగడి ఎక్కువ కాలం నడవదు. అది మూతపడితే గేటుకాడ అక్కకు అప్పిచ్చే చోటు ఊళ్లో ఇంకోటి ఉండదు.

పెద్ద దుకాణాల్ని రానీయకూడదన్న వాదన దీనికి జవాబు కాదు. రొక్కం ఉన్నవాళ్లు చవగ్గా కొనుక్కోవడం వాళ్ల హక్కు. పైగా పెద్ద గొలుసు దుకాణాలన్నీ శాశ్వతంగా ఉంటాయనీ లేదు. 1997లో చెన్నైలో తగ్గింపు ధరలతో మొదలైన సుభిక్ష ఆంధ్రప్రదేశ్‌తో సహా దేశమంతా దాదాపు 1600 దుకాణాలకు విస్తరించి, 2009లో మూతపడింది. హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి పోయి ‘మోర్’ అయింది. వచ్చేవీ పోయేవీ ఉంటాయి. వాటి మీదే ఆధారపడకుండా ఊళ్లో సరుకు అందే ఏర్పాటు నిలబడాలి.

నిలబడాలంటే ముందు అంగడాయన కొనే ధర తగ్గాలి. ఒకే కంపెనీ సబ్బు పెద్ద దుకాణానికి ఒక ధరకు, డిస్ట్రిబ్యూటర్ ద్వారా చిల్లరంగడికి ఇంకో ధరకు చేరుతోంది. ఈ తేడా మీదే అఖిల భారత వినియోగ వస్తువుల పంపిణీదారుల సమాఖ్య 2022 జనవరి నుంచి పెద్ద కంపెనీలకు సహాయ నిరాకరణ ప్రకటించింది. మహారాష్ట్రలో కోల్గేట్ సరుకు కొంత ఆపేసింది కూడా. అమెరికాలో ‘ఏ అండ్ పీ’ లాంటి గొలుసు దుకాణాల దెబ్బకు చిన్న కిరాణాలు అల్లాడుతుంటే 1936లో రాబిన్సన్-పాట్‌మన్ చట్టం తెచ్చారు. పోటీలో ఉన్న ఇద్దరు కొనుగోలుదారులకు ఒకే సరుకును తగిన కారణం లేకుండా వేర్వేరు ధరలకు అమ్మకూడదన్నది దాని సారం. దశాబ్దాల పాటు అమలు పడకేసినా, 2024 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక పెద్ద మద్యం పంపిణీ సంస్థపై ఆ చట్టం కిందే కేసు వేసింది. మన 2002 పోటీ చట్టంలో ధరల వివక్షపై నిషేధం మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థలకే వర్తిస్తుంది. ఎక్కువ కొన్నవాళ్లకు కొంత తగ్గింపు ఇవ్వడం న్యాయమే. ఆ తగ్గింపు పట్టిక బహిరంగంగా ఉండి, కలిసి అంతే సరుకు కొనే చిన్న అంగళ్లకూ వర్తించాలి.

కలిసి కొనడం ఈ జిల్లాకు కొత్త కాదు. 1992లో దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం దాకా పోయింది. ఆ ఆడవాళ్లే రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. ఆ తర్వాత వెలుగు పథకం రోజుల్లో రాష్ట్రంలో మహిళా సంఘాలు బియ్యం అప్పు కార్యక్రమం నడిపాయి. ఏ ఇంటికి ఎన్ని కిలోలు కావాలో సంఘంలో రాసుకునేవాళ్లు, గ్రామ సమాఖ్య మొత్తం కలిపి టోకున కొనేది, నాణ్యత చూసి ఇళ్లకు పంచేది, డబ్బు వాయిదాల్లో కట్టించుకునేది. టోకు ధర, అప్పు రెండూ పేద ఇంటికి ఒక్కచోటే దొరికిన సందర్భం అది. ఇంకా వెనక్కి పోతే, నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1904లో మద్రాసులో ట్రిప్లికేన్ సహకార సంఘం కలిసి టోకున కొనే పద్ధతిలో సరుకుల దుకాణం తెరిచింది.

ఆ పనిని కొడవలూరు మండల మహిళా సమాఖ్య మళ్లీ చేపట్టొచ్చు, ఈసారి ఊరి అంగళ్లను కూడా సభ్యులుగా చేర్చుకుని. ముందు కందిపప్పు, నూనె, చక్కెర, టీపొడి, బట్టల సబ్బు చాలు. సమాఖ్య టోకున కొని అంగళ్లకు ఇస్తే, అంగడి నిర్ణయించిన లాభంతోనే అమ్మాలి, ధరల బోర్డు పెట్టాలి, బిల్లివ్వాలి, వచ్చినవాళ్లకు వచ్చిన వరుసలోనే కట్టివ్వాలి. సరుకు కొనడానికి తొలి పెట్టుబడిని జిల్లా యంత్రాంగం సంఘాల బ్యాంకు లింకేజీ రుణాల్లోంచి సర్దాలి. తూనికలు కొలతల శాఖ పెద్ద దుకాణంలోనూ చిన్న అంగట్లోనూ ఒకేలా తనిఖీ చేయాలి. వచ్చే కోతల నాటికి ఇది మొదలుపెట్టి, ఆరు నెలల పాటు ఆ అయిదు సరుకుల ధరలు నెల్లూరులో ఎంత, ఊళ్లో ఎంత అన్నది నెలనెలా రాసి, గ్రామసభలో చదివి వినిపించాలి.